అరికాలు చూసే మనిషి

కుష్ఠు వచ్చి నయమైన మనిషి పాదం కడగడం నేర్చుకుని చెయ్యాల్సిన పని. నీళ్లు చల్లగానే ఉండాలి. వేడినీళ్లు పోస్తే చర్మం కాలుతున్నా స్పర్శ పోయిన ఆ పాదానికి తెలీదు. ఇరవై నిమిషాలు నాననిచ్చి, గట్టిపడిన చర్మాన్ని గరుకురాయితో మెల్లగా రుద్దాలి. పొడిగా తుడిచెయ్యకుండా ఆ తడిమీదే నూనె గానీ వాజిలీన్ గానీ పట్టించాలి. వేళ్ల సందులు మాత్రం ఆరనివ్వాలి. ఆఖరున పాదం పైకెత్తి అరికాలంతా చూడాలి. ముల్లు దిగిందా, పగులు వచ్చిందా, పొక్కు లేచిందా? నొప్పి చెప్పాల్సిన కబురు కళ్లే చెప్పాలి. ఈ జబ్బు కొందరికి కళ్లనూ దెబ్బతీస్తుంది. అలాంటప్పుడు ఆ అరికాలు చూడ్డానికి ఇంకో మనిషి కావాలి.

పరిచర్య అన్న మాట వినగానే నాకు ఈ పనే గుర్తొస్తుంది. మా ప్రాంతంలో దీనికి పాత చరిత్రే ఉంది. జర్మనీలోని బ్రెక్లం నుంచి 1880ల్లో వచ్చిన లూథరన్ మిషనరీలు కోరాపుట్ కొండల్లోనూ, ఆ కొండల కిందనున్న సాలూరులోనూ నిలదొక్కుకున్నారు. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి వాళ్లు వేసిన విత్తనమే. తర్వాత దాన్ని లెప్రసీ మిషన్ నడుపుతూ వచ్చింది. వెల్లెస్లీ బెయిలీ అనే ఐర్లండ్ దేశస్థుడు అంబాలాలో కుష్ఠురోగుల్ని చూసి చలించి, 1874లో మొదలుపెట్టిన సంస్థ అది. విజయనగరంలో దానికి వృత్తివిద్యా కేంద్రం కూడా ఉంది. మొన్నటిదాకా విజయనగరం జిల్లాలో ఉన్న సాలూరు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది.

వేళ్లు వాటంతట అవే కుళ్లి రాలిపోతాయని జనం అనుకునేవారు. ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ అది నిజం కాదని తేల్చాడు. స్పర్శ పోయిన చోట దెబ్బ తగిలినా తెలీక, పుండు మీదే నడిచి నడిచి పాదం పోగొట్టుకుంటున్నారని చూపించాడు. అంటే కనిపెట్టుకుని చూసేవాళ్లుంటే చాలా పాదాలు నిలుస్తాయి. నాకు ఈ మాట వైద్యం పుస్తకంలో ఎంత నిజమో వాక్యంలోనూ అంత నిజమనిపిస్తుంది.

యోహాను సువార్త పదమూడో అధ్యాయం మన గుళ్లలో ఎన్నోసార్లు ప్రసంగించిందే. ప్రభువు నడుముకు తువ్వాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగాడు. ప్రసంగం సాధారణంగా ఆయన తగ్గింపు దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత ఆయన చెప్పింది, మీరూ ఒకరి పాదాలు ఒకరు కడగాలని. కడిగే చేతులు ఎప్పుడూ ఒకరివే, చాచే కాళ్లు ఎప్పుడూ ఇంకొకరివే అయితే అది ఆ ఆజ్ఞలో సగమే. పేతురు మొదట ఒప్పుకోలేదు. చేయించుకోవడం ఎంత కష్టమో ఆయనకు తెలిసింది. సాయం పుచ్చుకునేవాళ్లకు అది ప్రతిరోజూ తెలుస్తుంది.

ఈ జబ్బు వచ్చినవాళ్లు కాలనీల్లో సొంత సంరక్షణ గుంపులుగా కూర్చోవడం చూశాను. ఒకరి అరికాలు ఇంకొకరు చూస్తారు. చేతివేళ్లు పోయినవాళ్లు కళ్లతో సాయం చేస్తారు, చూపు తగ్గినవాళ్లు పక్కవాళ్లకు నీళ్లు అందిస్తారు. అక్కడ పుచ్చుకోవడమే పనిగా ఎవరూ లేరు. ప్రభువు పాదాలు కడిగిన ఆ మేడగదికి ఇంతకంటే దగ్గరగా ఉన్న చోటు నాకు తెలీదు.

మా సంఘం స్త్రీలం కొందరం ఒక కాలనీకి వెళ్తుంటాం. అక్కడొక పెద్దావిడ మేం తెచ్చింది ఏదీ ముందు అందుకోదు. "ఎండన పడి వచ్చినావు, కూకో తల్లీ, టీ నీళ్లు తాగు" అంటుంది. గ్లాసు ఆమె రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఇస్తుంది. నేను తాగాకే తన సంగతులు చెబుతుంది. కొడుకు ఫోను చేశాడో లేదో, మనవరాలికి సంబంధం కుదిరిందో లేదో. కట్టు మార్చే పని ఆ మాటల మధ్యలో ఎప్పుడో అయిపోతుంది. ఆమె ఇచ్చిన టీ తాగకుండా ఆమె పుండు కడగడానికి నాకు హక్కు లేదని నమ్ముతాను.

అందుకే పండగ పేరుతో లారీ దిగి, చీరలు పంచి, ఫొటో తీసుకుని వెళ్లిపోయే సేవను నేను మెచ్చుకోలేను. చీర అవసరమే. కానీ ఇచ్చినామెకు పుచ్చుకున్నామె పేరు తెలియాలి, మళ్లీ నెల వచ్చి ఆమె పక్కన కూర్చోవాలి. రాలేనివాళ్లు డబ్బు పంపడమే మేలు.

చట్టం కొంత దారి చూపింది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టాన్ని 2016లో రద్దు చేశారు. భార్యకో భర్తకో ఈ జబ్బుందని విడాకులు కోరే వీలును 2019లో తీసేశారు. సంఘాలు చెయ్యాల్సింది ఇంకా ఉంది. మీ గుడిలో ఆ కాలనీ నుంచి వచ్చేవాళ్లుంటే వాళ్లను చివరి వరసలో కూర్చోబెట్టకండి. ప్రభువు బల్ల దగ్గర గిన్నె అందించే పని వాళ్లకూ ఇవ్వండి.

మీ ఇంట్లో గానీ వీధిలో గానీ ఎవరి ఒంటిమీదైనా స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కనిపిస్తే, వెంటబెట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. మందులు ఉచితం. ఆరు నెలలు, లేదా ఏడాది వాడితే జబ్బు నయమవుతుంది.