క్షమాపణ ఎవరికి చెప్పారు?

గత స్థానిక ఎన్నికలప్పుడు మా మండల కేంద్రంలో బస్టాండు ఎదురుగా ఒక ఫ్లెక్సీ కట్టారు. ఒక పార్టీవాళ్లు ఎదుటి పార్టీ నాయకుడి మీద వేయించిన వ్యంగ్య చిత్రం అది. ఆయన ముఖాన్ని ఒక దొంగ ఒంటికి అతికించారు. గళ్ల లుంగీ, నూనె రాసిన ఒళ్లు, భుజాన మూట, చేతిలో గునపం. పక్కన ఈతబుట్ట పట్టుకున్న ఆడమనిషి, ఆమె కాళ్ల దగ్గర పంది. కింద పెద్ద అక్షరాలతో ‘స్టువర్టుపురం బ్యాచ్ వస్తోంది, జాగ్రత్త!’ అని రాశారు.

బస్సు కిటికీలోంచి నాకు ముందు ముఖం ఒక్కటే కనిపించింది. ఆ నాయకుడి తీరు నాకూ నచ్చదు. నవ్వొచ్చింది. దిగాక మిగతా బొమ్మ చూశాను. ఆ బుట్ట మా అమ్మ అల్లే బుట్ట.

మా సంఘం పెద్దలు వెళ్లి అడిగితే మూడో రోజు ఫ్లెక్సీ తీసేశారు. ‘ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే చింతిస్తున్నాం. గౌరవనీయ నాయకుణ్ణి కించపరచడం మా ఉద్దేశం కాదు’ అని ఒక ప్రకటన ఇచ్చారు. ఆ నాయకుడేమో ‘నన్ను ఎరుకలోళ్లతో పోలుస్తారా?’ అని సభలో మండిపడ్డాడు. తర్వాత ఇద్దరూ రాజీపడ్డారు.

ఈ ప్రకటనను కూడా ఒక రచనలాగే చదువుదాం. అందులో ‘ఎరుకల’ అనే మాట లేదు. ‘స్టువర్టుపురం’ లేదు. చేసిన తప్పేమిటో లేదు. మొత్తం ‘ఉంటే’ అనే మాట మీద నిలబడింది. బడిలో ఒక పిల్లవాడు ఇంకొకణ్ణి కొట్టి ‘నీకు నొప్పి పుట్టి ఉంటే సారీ’ అంటే నేను ఒప్పుకోను. ‘నేను కొట్టాను’ అని ముందు చెప్పమంటాను. ఇక్కడ క్షమాపణ అందుకున్న ఒకే ఒక్క మనిషి ఆ నాయకుడు. ఆయన కోపం కూడా మమ్మల్ని రెండోసారి తిట్టడమే.

ఈ బొమ్మ ఎక్కడిది? ఎరుకలవాళ్లు ఒకప్పుడు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మినవాళ్లు. తెల్లదొరల ఉప్పు విధానం, రైళ్లు కలిసి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయి తిరిగేవాళ్లను సర్కారు అనుమానంగా చూసింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. వేలిముద్రలు తీసుకున్నారు. చీటీ లేనిదే ఊరు దాటనివ్వలేదు. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఒక సెటిల్మెంటు పెట్టి, దానికి హెరాల్డ్ స్టువర్ట్ అనే ఉన్నతాధికారి పేరు పెట్టారు. అదే స్టువర్టుపురం. నేను రోజూ పొద్దున బడిలో హాజరు పిలుస్తాను. సెటిల్మెంట్లలో పెద్దవాళ్లకు కూడా హాజరు ఉండేది. పలకనివాడు నేరస్థుడు.

ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. బొమ్మ మాత్రం మిగిలింది. 1991లో ఒక్క ఏడాదే ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టువర్టుపురం దొంగలు’ అని రెండు సినిమాలొచ్చాయి. ఫ్లెక్సీ గీసిన కుర్రాడికి 1871 సంగతి తెలియకపోవచ్చు. సినిమాలో చూసింది గీసి ఉంటాడు. తెలియక గీసినందుకు కోపం లేదు. తెలియజెప్పాక కూడా ‘ఉంటే’ అని రాసిన పెద్దల మీదే నా ఫిర్యాదు.

వ్యంగ్యం వద్దని నేననను. మా అమ్మమ్మ ఎరుక చెబుతూనే ఊరి మోతుబరిని ఆయన అరుగు మీదే ఆటపట్టించేది. నాయకుడు రోడ్డు బిల్లు మింగితే ఆ రోడ్డు గుంతలో ఆయన్ని కూర్చోబెట్టి బొమ్మ వేయండి, ఊరంతా నవ్వుతుంది, ఆయన జవాబు చెప్పుకోవాలి. ఈ ఫ్లెక్సీ ఆయన ఏం తిన్నాడో చెప్పలేదు. దొంగతనానికి మా కులాన్ని గుర్తుగా పెట్టి ఊరుకుంది. అందుకే ఆయన సులువుగా తప్పించుకున్నాడు. రాజకీయ వ్యంగ్యంగా కూడా అది ఓడిపోయింది.

ఫ్లెక్సీ దిగిన తర్వాత కూడా మా బడిలో ఐదో తరగతి పిల్లలు ఒక ఎరుకల పిల్లవాణ్ణి ‘బ్యాచ్’ అని పిలిచారు. వాడు నాలుగు రోజులు బడికి రాలేదు. ఇంటికి వెళ్తే, ‘సార్, మనం ఎరుకలోళ్లమని చెప్పకూడదా?’ అని అడిగాడు. పార్టీల రాజీ వాడి దాకా రాలేదు.

ఆ పార్టీవాళ్లు ఇప్పుడైనా రాయవచ్చు. ‘ఎరుకల ప్రజలను దొంగలుగా చూపించాం. అది తప్పు. పాతకాలపు చట్టం వేసిన ముద్రను మళ్లీ వేశాం. ఇక వాడం’ అని నాలుగు ముక్కలు రాసి, ఫ్లెక్సీ కట్టిన చోటే కట్టాలి. ఒక కాగితం మా బడికీ పంపితే ఐదో తరగతిలో ఆ పిల్లవాడి చేతే పైకి చదివిస్తాను.