చేప నోటిని బట్టి దారం

గాలం వేసేవాళ్ళు ఇద్దరు కలిస్తే మాటలన్నీ ఎర చుట్టూ తిరుగుతాయి. వానపాము మంచిదా, తవుడుముద్ద మంచిదా, కప్పపిల్లలు ఎక్కడ దొరుకుతాయి అని. దారం ఊసు ఎవరూ ఎత్తరు. కొట్టుకు వెళ్ళి "గట్టి టంగుసు ఇవ్వండి" అని అడిగి, ఇచ్చిన నైలాన్ దారపు చుట్ట తెచ్చుకుంటారు. చేప తెంపుకుపోయిన రోజున మాత్రం తప్పంతా దారం మీదికి నెడతారు. నా లెక్కలో బలం చాలక తెగే దారాలు తక్కువ. పనికి తగనిది తెచ్చుకోవడం వల్ల, ముడి సరిగా పడకపోవడం వల్ల తెగేవే ఎక్కువ.

విశాఖ, అనకాపల్లి తీరంలో లోతు నీటికి వెళ్ళే జాలర్లను చూస్తే ఈ సంగతి తేటగా తెలుస్తుంది. పూడిమడక వాళ్ళు సూర చేపకు, అంటే ట్యూనాకు, గాలాలు వేయడంలో పేరున్నవాళ్ళు. పసుపు రెక్కల సూర యాభై కిలోలు దాటి కూడా పెరుగుతుంది. అంత చేపకు ఉక్కు తీగ కట్టాలని కొత్తవాళ్ళకు అనిపిస్తుంది. కానీ సూర పళ్ళు చాలా చిన్నవి, టంగుసును కొరికి తెంపలేవు. దాని చూపు మాత్రం బహు చురుకు. నీళ్ళలో తీగ మెరిసిందంటే ఎర దగ్గరికే రాదు. అదే వంజరాన్ని చూడండి, అక్కడివాళ్ళు కోణాం అంటారు. బరువులో సూరకు సాటిరాని వంజరం కూడా కత్తి మొనల్లాంటి పళ్ళతో ఎంత మందపు టంగుసునైనా ఒక్క కొరుకుతో తెంపేస్తుంది. దానికి కొక్కెం ముందు జానెడైనా ఉక్కు తీగ ఉండి తీరాలి. కాబట్టి దారాన్ని చేప బరువును బట్టి కాక నోటిని బట్టి ఎంచుకోవాలి.

రీలు లేకుండా చేత్తో లాగే గాలానికి ఇంకో లెక్క ఉంది. మిల్లీమీటరు దాటిన మందపు దారం వాడేది బలం కోసమే అనుకుంటాం. బలం ఒక కారణమే. సన్నని దారం చేప ఒక్క దూకు దూకితే అరచేతిని చీల్చేస్తుంది. మందపు దారం చేతికి పట్టు ఇస్తుంది, లాగుతూ వదులుతూ ఉండడానికి వీలవుతుంది. అంటే నీటి కింద చేప నోటికి, నీటి పైన మనిషి చేతికి, రెంటికీ తగిన దారం కావాలి.

చెరువుల దగ్గరికి వద్దాం. బొచ్చె నీటి పైభాగాన మేస్తుంది, శీలావతి నడిమి నీటిలో, ఎర్రమోసు అడుగు బురదలో. శీలావతి ఎరను ఒక్కసారిగా మింగదు, పెదాలతో తడిమి చూస్తుంది. బిరుసైన మందపు దారం ఉంటే ముద్ద కదలికే మారిపోతుంది, చేప అనుమానపడి వదిలేస్తుంది. 0.25 నుంచి 0.30 మిల్లీమీటర్ల నైలాన్ దీనికి చక్కగా సరిపోతుంది. మంచి రకం 0.30 దారం సుమారు ఆరు కిలోల లాగుడు తట్టుకుంటుంది. పైగా నైలాన్ సాగుతుంది. చేప తల విదిలించినప్పుడు ఆ విసురును సాగుడే మింగేస్తుంది.

కొరమీను దగ్గర ఈ తర్కం పనిచేయదు. అది తుంగలో, జమ్ములో, తామరాకుల కింద ఉంటుంది. కప్పపిల్లను అందుకున్న మరుక్షణం వెనక్కి తిరిగి కాడల మధ్యకు దూరి దారాన్ని మెలిపెడుతుంది. రెండు కిలోల చేపే అయినా 0.25 దారంతో అక్కడినుంచి బయటికి తేవడం కుదరదు. 0.45 దాకా వెళ్ళాలి, లేదా అల్లిక దారం పెట్టాలి. సన్నని పాలిథీన్ పోగులను అల్లి చేసే ఆ దారం దాదాపు సాగదు, నీటిపై తేలుతుంది, తుంగ కాడలను కోసుకుంటూ వస్తుంది. ఇంత మేలైనది కదా అని దాన్నే పట్టుకుని నాగార్జునసాగర్ బండల దగ్గరికి వెళ్తే మాత్రం నష్టపోతారు. రాయి అంచుకు రాసుకున్న చోటల్లా పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. అక్కడ అల్లిక దారం కొసకు ఒక బారెడు నైలాన్ గానీ ఫ్లోరోకార్బన్ గానీ కలపాలి. ఫ్లోరోకార్బన్ నైలాన్ కంటే బరువు, త్వరగా మునుగుతుంది. వెలుతురును విరిచే తీరు నీటికి దగ్గరగా ఉండడంతో తేట నీటిలో తక్కువగా కనిపిస్తుంది. బురద నీటి చెరువుకు అంత ఖరీదు పెట్టడం వృథా.

కొనేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. మందం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. 0.20 నుంచి 0.40కి పోవడం చిన్న మార్పేమీ కాదు.

ఈ సుఖాలన్నీ నిన్నమొన్నటివి. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా', 1887లో చెరువుల్లో గాలం వేయడం గురించే 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' ప్రచురించాడు. ఆ కాలపు దొరలు పట్టు దారం వాడేవారు, కొసన పట్టుపురుగు గ్రంథులను సాగదీసి ఆరబెట్టిన తీగ కట్టేవారు. మన పల్లెల్లో జనుము, నూలు దారాలు. వాటిని వాడిన ప్రతిసారీ ఆరబెట్టకపోతే కుళ్ళిపోయేవి. 1938లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థ నైలాన్‌ను ప్రకటించాక తడిసినా కుళ్ళని దారం చేతికొచ్చింది. దాంతో దారాన్ని పట్టించుకునే అలవాటే పోయింది. ఇది పెద్ద లోటని నా అభిప్రాయం. నైలాన్ కుళ్ళకపోయినా ఎండకు మాత్రం పాడవుతుంది. బొటనవేలి గోటికి ఆనించి దారాన్ని మెల్లగా లాగి చూడండి. గరుకు తగిలినా, తెల్లగా పాలిపోయినట్టు కనిపించినా ఆ మేర కోసేయాలి. కొక్కేనికి దగ్గరగా ఉండే బారెడు దారాన్ని అప్పుడప్పుడు ఎలాగూ కోసి కొత్తగా కట్టుకోవాల్సిందే.

ఇక ముడి. దారం ఎంత మంచిదైనా మామూలు ముడి పడితే బలం దాదాపు సగానికి పడిపోతుంది. కొసను కొక్కెం కంటిలోంచి దూర్చి జానెడు వదలాలి. ఆ కొసను అసలు దారం చుట్టూ ఐదు మెలికలు తిప్పాలి. కంటి పక్కనే మిగిలిన చిన్న సందులోంచి కొసను తేవాలి, అప్పుడు ఏర్పడే పెద్ద ఉచ్చులోంచి ఇంకోసారి దూర్చాలి. ఇక్కడ ఆగి ముడిని నోటితోనో చెరువు నీటితోనో తడపండి. పొడి నైలాన్‌ను గబుక్కున బిగిస్తే రాపిడి వేడికి ముడి దగ్గరే దెబ్బతింటుంది, అది కంటికి కనిపించదు. తడిపి, నెమ్మదిగా, మెలికలు ఒకదాని పక్కన ఒకటి వరుసగా కూర్చునేదాకా లాగాలి. మెలిక మీద మెలిక ఎక్కితే మొహమాటం లేకుండా కోసి మళ్ళీ మొదలుపెట్టాలి. అల్లిక దారం జారుడు, దానికి ఈ ముడి అంత నప్పదు. దాన్ని రెండు పేటలు చేసి కట్టే ముడులే నిలుస్తాయి.

గాలం గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. వల దారిన వచ్చిన దాన్నల్లా పడుతుంది. కొక్కెం, ఎర, దారం కుదిరిన గాలంతో మనిషి తనకు కావలసిన చేపనే ఎంచుకోగలడు. పిల్ల చేప తగిలితే తడి చేత్తో పట్టి, కొక్కెం తీసి, బతికుండగానే నీటిలో వదలగలడు. ఇంత శ్రద్ధ ఉన్న పని చేసి, తెగిన ముక్కలను మాత్రం గట్టున పారేసి పోతుంటాం. గాలిపటాలకు కట్టే సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది, అది పక్షుల రెక్కలూ మనుషుల మెడలూ కోస్తోందని. కొంగల కాళ్ళకు చుట్టుకునే మన టంగుసు కూడా ఆ జాతిదే. చెరువు గట్టున పడితే తరాలు గడిచినా కరగదు. కోసిన ప్రతి ముక్కనూ, మూరెడైనా సరే, చుట్టి జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళండి. పక్కవాళ్ళు వదిలేసింది కనిపిస్తే దాన్ని కూడా తీయండి.