చెయ్యి విరిగినా ఓడలేదంటే ఎట్లా?

పోయిన సంవత్సరం కబడ్డీ ఫైనల్లో మేము రెండు పాయింట్లతో ఓడిపోయినాం. ఆఖరి కూతకు పోయింది నేనే. ఎదుటి జట్టులో ఏడో నంబరు బనియను వేసుకున్న ఒక పొట్టి పిల్లోడు నా మడమ పట్టుకున్నాడు. ఎంత గుంజుకున్నా గీత అందలేదు. ఆట అయినాక వాడు చెయ్యి చాపితే నేను చూడనట్టు పక్కకు తిరిగినా. బస్సులో వచ్చేటప్పుడు మా అందరిదీ ఒకే మాట: "రెఫరీ వాళ్ళ పక్షం. నిజానికి గెలిచింది మనమే."

మా పీ.ఈ.టి. సారు ఆ రోజు ఏమీ అనలేదు. వారం తర్వాత నన్ను పిలిచి, "బ్రెజిల్లో గ్రేసీలని ఒక కుటుంబం ఉంది. వాళ్ళ గురించి చదువు. ఎట్లా ఓడాలో, ఎట్లా ఓడకూడదో రెండూ వాళ్ళ దగ్గరే నేర్చుకోవచ్చు" అన్నారు. అప్పటినుంచి దొరికింది చదివినా, దొరికిన పోటీలు చూసినా. వాళ్ళను పొగడడానికో తిట్టడానికో ఇది రాయడం లేదు. వాళ్ళు తమ ఓటముల గురించి చెప్పుకునే కథలో గట్టి గింజ ఏది, పొల్లు ఏది అని చెరిగి చూడాలని నా ప్రయత్నం.

ముందు కొంచెం చరిత్ర. మిత్సుయో మయేదా అనే జపాన్ జూడో వీరుడు 1914లో బ్రెజిల్ చేరినాడు. బెలేం పట్టణంలో ఆయన దగ్గర కార్లోస్ గ్రేసీ అనే కుర్రవాడు విద్య నేర్చుకున్నాడు. కార్లోస్ తమ్ముడు హీలియో బక్కపలచని మనిషి. బలం తక్కువైనవాడు కూడా పెద్ద మనిషిని లొంగదీసేటట్టు ఆ పట్లను మలిచినారని గ్రేసీలు చెబుతారు. అదే బ్రెజిలియన్ జియు-జిత్సు. విద్యతోపాటు ఇంటి గౌరవం కూడా పెరిగింది. గ్రేసీ ఓడడు అనే మాట ఊరంతా పాకింది. అంత పేరు మోసేవాడికి ఓటమి ఎంత బరువో ఊహించుకోండి.

1951 అక్టోబరు 23న రియో డి జనీరోలోని మరకానా స్టేడియంలో హీలియో, జపాన్ జూడో వీరుడు మసాహికో కిమురాతో తలపడినాడు. హీలియోకు అప్పుడు 38 ఏండ్లు. కిమురా వయసులో చిన్న, బరువులో చాలా పెద్ద. రెండో రౌండులో కిమురా హీలియో చేతిని వెనక్కి మెలిపెట్టినాడు. ఎముక విరిగిన చప్పుడు వినబడిందని కిమురా తర్వాత రాసుకున్నాడు. ఆ విద్యలో లొంగిపోయినవాడు చేత్తో రెండుసార్లు తట్టాలి. హీలియో తట్టలేదు. చివరికి అన్న కార్లోసే తువ్వాలు విసిరి పోటీ ఆపించినాడు.

ఈ కథను గ్రేసీలు ఎట్లా చెబుతారో చూడండి. హీలియో మూడు నిమిషాలు నిలబడితే అదే గెలుపు అని కిమురా ముందే అన్నాడట, మూడు నిమిషాలు దాటింది కాబట్టి నైతికంగా గెలుపు మాదేనట. నాకు ఇక్కడే గొంతులో ముల్లు పడింది. మేము బస్సులో అన్న మాటకూ దీనికీ తేడా ఏముంది? ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మనకు ఉండనే ఉంది. పెద్ద మనిషితో పోరాడడం గొప్పే, అంతసేపు నిలవడం ఇంకా గొప్ప. కానీ దానికి గెలుపు అని పేరు పెట్టగానే ఆ గొప్పతనం కాస్తా తగ్గిపోతుంది.

అయితే అదే కథలో ఇంకో సంగతి ఉంది. ఆ చేతి పట్టుకు జపాన్ జూడోలో వేరే పేరు ఉంది. బ్రెజిల్ వాళ్ళు మాత్రం దానికి 'కిమురా' అని పేరు పెట్టుకున్నారు. ఈనాటికీ ఏ దేశంలో జియు-జిత్సు నేర్పినా ఆ పట్టు పేరు కిమురానే. తమ పెద్దాయనను ఓడించినవాడి పేరును తమ పిల్లలచేత రోజూ పలికించినారు. నైతిక గెలుపు అనే మాట కన్నా వంద రెట్లు గొప్ప పని ఇది. నోటితో ఒప్పుకోని ఓటమిని వాళ్ళు పాఠంలో ఒప్పుకున్నారు.

1955లో హీలియోకు ఇంకో దెబ్బ తగిలింది. ఈసారి ఎదుట నిలిచింది వాల్దెమార్ సంతానా, హీలియో అకాడమీలోనే నేర్చుకున్న శిష్యుడు. ఇద్దరికీ మాట పట్టింపులు వచ్చినాయి. 41 ఏండ్ల గురువు, తనకన్నా చాలా చిన్నవాడూ బలవంతుడూ అయిన శిష్యుడితో మూడున్నర గంటలకు పైగా పెనుగులాడినాడు. చివరికి తలకు తగిలిన తన్నుతో కూలిపోయినాడు. తర్వాత కార్లోస్ కొడుకు కార్ల్‌సన్ రంగంలోకి దిగి 1956లో సంతానాను ఓడించినాడు. ఇంటి పరువు నిలిచిందని అందరూ సంబరపడినారు. నాకైతే ఒక ప్రశ్న మిగిలింది. శిష్యుడు గురువును మించితే గురువు గెలిచినట్టే అంటారు కదా మన పెద్దలు. ఆ సంతోషం ఆ ఇంట్లో ఎవరికీ కలగలేదెందుకు? పరువు అనేది అడ్డంగా నిలబడితే మన చేత్తో మనం నాటిన చెట్టు కూడా పగవాడిలాగా కనబడుతుంది.

పరువు అడుగున ఇంకో మడత కూడా ఉంది. రియోలోనే 'లూతా లివ్రే' అనే ఇంకో కుస్తీ విద్య ఉండేది. జియు-జిత్సుకు మందపాటి కోటు లాంటి బట్టలు కావాలి, ఫీజు కావాలి. లూతా లివ్రే వాళ్ళు ఉత్త నిక్కరుతో నేర్చుకునేవారు, ఎక్కువమంది పేదింటి పిల్లలు. ఈ రెండు వర్గాల పోటీ వీధుల్లోకీ సముద్రపు ఒడ్డుకూ పాకింది. 1997లో హెంజో గ్రేసీకీ లూతా లివ్రే వీరుడు యూజీనియో తదేవుకూ రియోలో జరిగిన పోటీలో, చుట్టూ ఉన్న జనం పంజరం దగ్గరికి తోసుకొచ్చినారు, దీపాలు ఆరిపోయినాయి, కుర్చీలు గాల్లో ఎగిరినాయి. ఆ రోజు గెలిచినవాడు లేడు, నష్టపోయింది ఆటే. ఆటగాడి పౌరుషానికి రెఫరీ ఉంటాడు. చూసేవాళ్ళ పౌరుషానికి రెఫరీ ఎవరు? మన ఊళ్ళ కబడ్డీ పోటీలు చూసినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు.

ఇక 2000వ సంవత్సరం. అప్పటికి హీలియో కొడుకు హోయిస్ ప్రపంచానికంతా తెలుసు. 1993లో అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన మొదటి యూ.ఎఫ్.సి.లో ఒకే రాత్రి ముగ్గురిని ఓడించి గెలిచినవాడు ఆయనే. 2000 మే 1న టోక్యో డోమ్‌లో జపాన్ వీరుడు కజుషి సకురాబాతో పోటీ. రెఫరీ ఆపకూడదు, రౌండ్లకు లెక్క ఉండకూడదు అని గ్రేసీలే షరతులు పెట్టినారు. సకురాబా సరే అన్నాడు. పదిహేను నిమిషాల రౌండ్లు ఆరు, మొత్తం 90 నిమిషాలు. కాళ్ళ మీద తన్నులు తిని తిని హోయిస్ నిలబడలేని స్థితికి వచ్చినాడు. ఏడో రౌండుకు ముందు అన్న హోరియన్ తువ్వాలు విసిరినాడు. తాము కోరిన షరతులే తమను ఓడించినాయి.

అదే ఆగస్టులో హెంజో గ్రేసీ అదే సకురాబాతో పోరాడినాడు. ఆట ముగియడానికి కొన్ని సెకన్లు ఉందనగా సకురాబా కిమురా పట్టు వేసినాడు, 49 ఏండ్ల కింద హీలియోను ఓడించిన అదే పట్టు. హెంజో మోచేయి తప్పింది. ఆయనా తట్టలేదు. కానీ ఆ తర్వాత మైకు తీసుకుని, ఈ రాత్రి నాకన్నా అతనే బాగా పోరాడినాడు అనే అర్థం వచ్చేట్టు నలుగురిలో ఒప్పుకున్నాడు. నా లెక్కలో గ్రేసీలందరి కథల్లోనూ ఎత్తైన చోటు ఇదే. చెయ్యి వేలాడుతున్నా సాకు చెప్పలేదు.

అయినా ఒక మాట అడగాలి. జియు-జిత్సు తరగతిలో మొదటి రోజే నేర్పేది తట్టడం. తట్టినవాడు రేపు మళ్ళీ వచ్చి నేర్చుకుంటాడు. రోజూ వందసార్లు తట్టమని పిల్లలకు నేర్పే విద్య, పెద్ద పోటీలో తట్టనివాడినే వీరుడని ఎందుకు పాడుతుంది? 1951లోనూ 2000లోనూ తువ్వాలు విసిరింది అన్నలు. తమ్ముడి పరువు తమ్ముడు చూసుకున్నాడు, తమ్ముడి ప్రాణం అన్న చూసుకున్నాడు. వీరుడెవరని నన్నడిగితే ఆ తువ్వాలు విసిరినవాళ్ళని చెబుతాను. ఇంటి పేరు తాకట్టులో ఉన్నప్పుడు ఓడిపోయినామని వేల మంది ముందు చెప్పడం చెయ్యి విరగడం కన్నా తక్కువ నొప్పా?

ఇదంతా మా జేజినాయనకు చెప్పినా. ఆయన చిన్నప్పుడు జాతరలో కుస్తీ పట్టినవాడు. అంతా విని, "వీపుకు మన్ను అంటితే దులుపుకోవచ్చురా. అంటలేదు అన్నావంటే మాత్రం జన్మకూ పోదు" అన్నాడు.

ఈ సంవత్సరం మేము ఒక కొత్త మడమ పట్టు సాధన చేస్తున్నాం. చాపినట్టు పడి, రెండు చేతులతో మడమ పట్టి, ఒళ్ళు పక్కకు దొర్లించడం. మా జట్టులో దాని పేరు 'ఏడో నంబరు'. పేరు పెట్టింది నేనే. మొదట మావాళ్ళు నవ్వినారు, ఇప్పుడు అందరూ అట్లానే పిలుస్తున్నారు. ఆ పిల్లోడి అసలు పేరు నాకు తెలియదు. వచ్చే పోటీలో కనబడితే, ఆటకు ముందే చెయ్యి కలిపి అడగాలి.