తప్పులు చెప్పిన సాక్ష్యం

కైరో దగ్గరి ఫుస్తాత్‌లో, బెన్ ఎజ్రా యూదు ప్రార్థనామందిరపు కాగితాల్ని 1896-97లో షెక్టర్ కేంబ్రిడ్జికి తరలించాడు. వాటిలో హీబ్రూ లిపిలో రాసిన అరబ్బీ ఉత్తరాలు ఎన్నో.

పండితులు చిన్నచూపు చూసిన ఆ భాషలోని తప్పుల్నే జాషువా బ్లావ్ 1965 నాటి గ్రంథంలో సాక్ష్యాలుగా నిలబెట్టాడు. కాదనడానికి నోటితో 'మా' అనే వర్తకుడు, కలం పట్టగానే గ్రాంథికపు 'లమ్' రాస్తాడు. వ్యాకరణం ఒప్పుకోని చోట కూడా. గ్రాంథికవాదుల బెత్తం ఎరిగిన మనకు ఈ జడుపు కొత్తది కాదు.

అయితే దీన్ని 'మిథ్యాసవరణ' అనడంతోనే నా పేచీ. ఆ పేరులోనే గ్రాంథికం ఒక్కటే ఒప్పు అనే తీర్పు ఉంది. కొన్ని రూపాలు స్థిరపడి ఆనవాయితీ అయ్యాయని బ్లావే చెప్పాడు. మరి వాటిని కూడా తప్పుల పద్దులోనే ఎందుకు ఉంచాలి?