మోరోవిండా? ఆబ్లివియనా? స్కైరిమా?

2002లో ‘మోరోవిండ్’ అనే వీడియో గేమ్ ఆడినవాళ్లందరికీ ఒక ఉమ్మడి శత్రువు ఉండేది. క్లిఫ్ రేసర్ అనే ఎగిరే జంతువు అది. వార్డెన్‌ఫెల్ దీవిలో ఎటు నడిచినా పైనుంచి అరుచుకుంటూ వచ్చి మీద పడేది. ఒకదాన్ని చంపేలోపు రెండోది దిగేది. ఆటగాళ్లు దాన్ని ఎంత తిట్టుకున్నారంటే, నాలుగేళ్ల తర్వాత వచ్చిన ‘ఆబ్లివియన్’లో వీధుల్లో జనం ఒక వార్త చెప్పుకుంటారు: జియుబ్ అనే మహానుభావుడు క్లిఫ్ రేసర్లను ఆ దీవి నుంచి తరిమేశాడట, అందుకని ఆయన్ని పుణ్యపురుషుల్లో చేర్చారట. ఈ జియుబ్ కొత్తవాడేమీ కాదు. ‘మోరోవిండ్’ మొదలవగానే ఓడ అడుగున మనల్ని నిద్రలేపి పేరడిగే తోటి ఖైదీ. 2012లో ‘స్కైరిమ్’కు అనుబంధంగా వచ్చిన ‘డాన్‌గార్డ్’లో ఆయన ఆత్మే ఎదురై, తన జీవితచరిత్ర కాగితాలు చెల్లాచెదురయ్యాయి, కాస్త ఏరిపెట్టమని అడుగుతుంది.

ఆటగాళ్ల విసుగు పదేళ్లలో, మూడు ఆటల మీదుగా, ఆ లోకపు పురాణంలో భాగమైపోయింది. ఇవన్నీ చేరిన ‘ది ఎల్డర్ స్క్రోల్స్’ వరుస అభిమానులకు, ఆ ఆటలకు మధ్య ఉన్న బంధం ఎలాంటిదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

అమెరికాలోని మేరీల్యాండ్‌లో పుట్టిన బెథెస్డా సంస్థ 1994లో ‘అరీనా’తో ఈ వరుసను మొదలుపెట్టింది. 1996లో ‘డాగర్‌ఫాల్’, 2002లో ‘మోరోవిండ్’, 2006లో ‘ఆబ్లివియన్’, 2011 నవంబర్ 11న ‘స్కైరిమ్’ వచ్చాయి. పక్క కథలు, 2014 నాటి ఆన్‌లైన్ ఆట వీటికి అదనం. ప్రధాన ఆటలన్నీ టామ్రియెల్ అనే ఒకే ఖండంలో జరుగుతాయి. ‘అరీనా’ ఖండమంతా తిప్పుతుంది, మిగతావి ఒక్కో ప్రాంతాన్ని పట్టుకుంటాయి. కథానాయకుడికి ముందుగా నిర్ణయించిన ముఖం లేదు, పేరు లేదు. ఆటగాడు చాలాసార్లు ఖైదీగా కళ్లు తెరుస్తాడు. బయటపడ్డాక లోకాన్ని రక్షించే పని పక్కన పెట్టి దొంగగానో, మంత్రవేత్తగానో, కొండల్లో మూలికలు ఏరుకుంటూనో వందల గంటలు గడిపేయవచ్చు.

అంత స్వేచ్ఛ ఉన్న ఆటలో ఏ ఇద్దరి అనుభవమూ ఒకటి కాదు. అందుకే ఇద్దరు అభిమానులు కలిస్తే పోలిక మొదలవుతుంది. ఒకే పద్యాన్ని ఏ నటుడు ఎలా ఎత్తుకున్నాడో తెల్లవార్లూ వాదించుకునే మన నాటకప్రియుల పట్టుదల వీళ్లది. ఏది గొప్పదో తేల్చడం దగ్గరే ఆగే వాదన చప్పగానే ఉంటుంది. ఏ ఆట ఏ పనిని ఎలా చేసిందని అడిగినప్పుడే అది రుచి తేలుతుంది.

దారి సంగతే తీసుకోండి. ‘మోరోవిండ్’లో గమ్యాన్ని చూపించే బాణం గుర్తు ఉండదు. మొదట్లోనే ఆర్క్‌న్‌గ్తాండ్ అనే శిథిలాలకు వెళ్లి ఒక చిన్న పెట్టె తేవాలి. బల్మోరా ఊరి నుంచి మూన్‌మాత్ కోటకు వెళ్లి, దానికి తూర్పున ఉన్న పాత వంతెన దాటమని చెబుతారు, అంతే. చెప్పింది డైరీలో చేరుతుంది, మిగతాది మన కళ్ల పని. లోపలికి వెళ్లాక ఆ పెట్టె అరలో సామాన్ల మధ్య కలిసిపోయి ఉంటుంది. దాని కోసం గంటలకొద్దీ తిరిగినవాళ్లు లెక్కలేనంతమంది. దూర ప్రయాణమైతే సిల్ట్ స్ట్రైడర్ అనే బ్రహ్మాండమైన పురుగు ఎక్కాలి, లేదా పడవ పట్టాలి, లేదా మంత్రవేత్తల సంఘానికి డబ్బు కట్టి మరో ఊళ్లో తేలాలి. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఏది వెళ్తుందో కొన్నాళ్లకు కంఠతా వస్తుంది. పాత అభిమాని ‘ఆ దీవి నాకు తెలుసు’ అంటే అది అతిశయోక్తి కాదు, నిజంగానే తెలుసు.

‘ఆబ్లివియన్’లో దిక్సూచి మీద గుర్తు వచ్చింది. పెద్ద నగరాలకు మొదటి రోజు నుంచే పటం మీద నొక్కి చేరుకోవచ్చు. ఈ మార్పు వెనక ఒక బలమైన కారణం ఉంది. ‘మోరోవిండ్’ సంభాషణల్లో ఎక్కువ భాగం చదువుకునే అక్షరాలే కాబట్టి పేజీలకొద్దీ దారి వర్ణించినా చెల్లింది. ‘ఆబ్లివియన్’లో ప్రతి మాటా నటుల గొంతుతో పలికించారు. చక్రవర్తికి పాట్రిక్ స్టీవార్ట్, ఆయన కొడుకు మార్టిన్‌కు షాన్ బీన్ గొంతు ఇచ్చారు. ప్రతి వాక్యమూ స్టూడియోలో రికార్డు కావాలంటే మాటలు కుదించుకోక తప్పదు, తగ్గిన మాటల బరువు దిక్సూచి మీద పడుతుంది. కొత్తవాళ్లకు ఇది తలుపు తెరిచింది కూడా. అయినా ఈ ఒక్క విషయంలో పాతవాళ్ల వాదనే బలంగా కనిపిస్తుంది. ‘స్కైరిమ్’లో ఆ గుర్తును ఆపేసి ఆడదామనుకుంటే, చాలా క్వెస్టుల్లో, అంటే ఆట అప్పగించే పనుల్లో, దారి చెప్పే మనిషే ఉండడు. చివరికి అభిమానులే ఆ డైరీని తిరగరాసి, గుర్తు లేకుండా ఆడుకునేందుకు వీలుగా వివరాలు చేర్చారు.

గాల్లో తేలే మంత్రం కథ ఇంకా ముచ్చటైనది. ‘మోరోవిండ్’లో టెల్వాని మంత్రవేత్తల గోపురాల్లో కొన్నిచోట్ల మెట్లుండవు, పైకి వెళ్లాలంటే తేలాల్సిందే. ‘ఆబ్లివియన్’ నగరాలను ప్రాకారం లోపల విడి స్థలాలుగా నిర్మించారు. గోడ మీదుగా ఎగిరితే అవతల అసలు నగరం ఉండదు. కాబట్టి మంత్రాన్ని తీసేశారు. తీసేసి ఊరుకోకుండా, సామ్రాజ్యం తేలడాన్ని నిషేధిస్తూ చట్టం చేసిందని ఆ లోకపు చరిత్రలో చేర్చారు. కంప్యూటర్ పరిమితి ఒక శాసనమైంది. అభిమానుల ఫిర్యాదులకు జవాబు చెప్పడానికి మయీక్ అనే ఒక పాత్రే ఉంది. పిల్లి రూపంలో ఉండే ఈ దేశదిమ్మరికి అబద్ధాలకోరని పేరు. మూడు ఆటల్లోనూ దారిలో ఎక్కడో ఎదురై, ఏది ఎందుకు లేదో, లేకపోతేనేం అన్నట్టు ఒక మాట అనేసి పోతాడు.

‘మోరోవిండ్’ ఆటగాడి మీద పెట్టుకున్న నమ్మకం అపారం. సైడా నీన్ ఊరు దాటి కాస్త నడిస్తే, ఆకాశం నుంచి ఒక మంత్రగాడు కేకలు పెడుతూ వచ్చి ముందు పడి చనిపోతాడు. అతని దగ్గర మూడు మంత్రపత్రాలుంటాయి. ఒకటి చదివి గెంతితే దీవి మీదుగా ఎక్కడికో ఎగిరిపోతారు, నేల తాకగానే అతని గతే పడుతుంది. నేల తగలబోయే క్షణంలో రెండోది చదివితే బతుకుతారు. ఈ కిటుకు ఆట ఎక్కడా చెప్పదు. ఆటగాళ్లే కనిపెట్టి ఒకరికొకరు నేర్పుకున్నారు. అలాంటి కిటుకులన్నీ పోగేసి మొత్తం కథను కొద్ది నిమిషాల్లో ముగించేవాళ్లున్నారు. కథకు ప్రాణమైన మనిషిని చంపినా ఆట అడ్డుపడదు. భవితవ్యపు దారం తెగిందని హెచ్చరించి, పాత సేవ్‌కు వెనక్కి వెళ్తారో, ఆ పాడైన లోకంలోనే ఉంటారో మీ ఇష్టమంటుంది. ‘ఆబ్లివియన్’ నుంచి అలాంటి ముఖ్యులు చావరు, స్పృహ తప్పి పడి మళ్లీ లేస్తారు.

అలాగని ‘ఆబ్లివియన్’ను తక్కువ చేస్తే అన్యాయం. క్వెస్టు అల్లికలో దాన్ని మించింది ఈ వరుసలో లేదు. హంతకుల ముఠా అప్పగించే ఒక పనిలో, నిధి దొరుకుతుందని నమ్మి ఐదుగురు అతిథులు ఒక ఇంట్లో తలుపులేసుకుని ఉంటారు. ఆటగాడు ఆరో అతిథిగా చేరి ఒక్కొక్కరినే చంపాలి. మిగిలినవాళ్లు ఒకరినొకరు అనుమానించుకుంటారు, ఆటగాడి దగ్గరే మనసు విప్పి మాట్లాడతారు. చేడిన్‌హాల్ నగరంలో మరో కథ ఉంది, కనిపించకుండా పోయిన చిత్రకారుణ్ని వెతుక్కుంటూ అతను గీసిన బొమ్మలోకే అడుగుపెట్టాలి. లోపలి అడవి అంతా రంగుల పూతే. ఇంత ఊహ ఉన్న ఆటకు ఒక పెద్ద లోపం అంటుకుంది. ఆటగాడి స్థాయితోపాటు శత్రువుల బలమూ పెరిగేలా అమర్చారు. కొన్నాళ్లకు దారిదోపిడి దొంగ అమూల్యమైన గాజు కవచం తొడుక్కుని వచ్చి వంద నాణేలివ్వమని బెదిరిస్తాడు. కవచం అమ్ముకుంటే వాడికి జీవితాంతం సరిపోతుంది! అభిమానులు దీన్ని విమర్శిస్తూ కూర్చోలేదు. 2006లోనే ‘ఆస్కురోస్ ఆబ్లివియన్ ఓవర్‌హాల్’ అనే మోడ్ (అభిమానులు ఆటను మార్చి చేసే చేర్పు) వచ్చి ఆ అమరికను మార్చి, కొన్ని చోట్లు మొదటి నుంచీ ప్రమాదకరంగానే ఉండేలా చేసింది.

‘స్కైరిమ్’ గురించి చెప్పనక్కర్లేదు. 6 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైనట్టు 2023లో దాని దర్శకుడు టాడ్ హోవర్డ్ చెప్పారు. ‘మోరోవిండ్’లో 27 నైపుణ్యాలు, ‘ఆబ్లివియన్’లో 21, ఇందులో 18. సొంతంగా మంత్రం కూర్చుకునే సౌకర్యం కూడా పోయింది. బదులుగా వచ్చింది నడక. ఒక కొండ కనిపిస్తే దాని వెనక ఏముందో చూడాలనిపించేలా మలిచిన నేల అది. జెరెమీ సోల్ సంగీతం ఈ మూడింటినీ ఒక దారంతో కుడుతుంది. ‘మోరోవిండ్’ ప్రారంభ గీతంలోని స్వరాలే ‘ఆబ్లివియన్’లో వేగం పెంచుకుని, ‘స్కైరిమ్’లో మగవాళ్ల బృందగానమై గర్జిస్తాయి. మూడింటినీ వరుసగా విన్నవాళ్లకు ఆటల స్వభావంలో వచ్చిన తేడా మాటల్లేకుండానే అర్థమవుతుంది.

ఇక కథల గురించి. ‘డాగర్‌ఫాల్’ ముగింపులో ఒక మహాయంత్రం మీద అధికారాన్ని ఎవరికి అప్పగించాలో ఆటగాడే ఎంచుకోవాలి. ఎవరికిచ్చారన్నదాన్ని బట్టి ముగింపు మారుతుంది. మరి తర్వాతి ఆటకు ఏది నిజం? రచయితలు అద్భుతమైన జవాబు చెప్పారు: ఆ రోజుల్లో కాలమే విరిగిపోయింది, అన్ని ముగింపులూ ఒకేసారి జరిగాయి. ఏ ఆటగాడి శ్రమా అబద్ధం కాలేదు. ఆటల్లో వందలకొద్దీ పుస్తకాలుంటాయి, ఒకే యుద్ధాన్ని ఒక్కో పుస్తకం ఒక్కోలా చెబుతుంది, వివెక్ అనే కవి-దేవుడు తన గురించి తాను రాసుకున్నదాన్ని నమ్మడానికే లేదు. ఏ చరిత్రకారుడు ఎవరి పక్షాన రాశాడో తూకం వేసి చదవడం అభిమానులకు అలవాటైంది. 1995లో ‘డాగర్‌ఫాల్’ సందేహాలు తీర్చడానికి ఒక అభిమాని ప్రారంభించిన ‘యూఈఎస్‌పీ’ ఈనాటికీ ఈ లోకపు విజ్ఞాన సర్వస్వంగా పెరుగుతూనే ఉంది.

ఇదంతా ఒక ఎత్తు. ‘మోరోవిండ్’ డిస్కులతోపాటు కంప్యూటర్ ఆటగాళ్లకు ఇచ్చిన ‘కన్‌స్ట్రక్షన్ సెట్’ ఒక ఎత్తు. కొండలు నిలబెట్టడానికి, పాత్రలకు మాటలు రాయడానికి కావలసిన పనిముట్టును బెథెస్డా అభిమానుల చేతికిచ్చింది. అప్పటి నుంచి నచ్చనిది మార్చి చూపించడమే విమర్శ చేసే పద్ధతైంది. ఈ వరుసకు తక్కిన ఆటల్లో అరుదుగా దొరికే ఆయుష్షు ఇక్కడి నుంచే వచ్చింది.

‘మోరోవిండ్’ పేరు ఆ రాష్ట్రానిదే అయినా ఆటలో ఉన్నది ఒక్క దీవి. మిగిలిన ప్రధాన భూభాగాన్ని తామే కడతామని ‘టామ్రియెల్ రీబిల్ట్’ బృందం ఆట విడుదల కాకముందే, 2001లో బయల్దేరింది. కొత్తగా చేరేవాళ్లు ముందు ఒక గదినో కొంచెం నేలనో అమర్చి చూపించాలి. అనుభవమున్నవాళ్లు చూసి, తప్పులు చెప్పి, సరిపోతుందనుకుంటేనే అసలు పని ఇస్తారు. జీతం లేదు. 2025లో నార్సిస్ నగరంతో కూడిన భాగాన్ని విడుదల చేశారు. పాత ఆట కొత్త కంప్యూటర్లలో సాఫీగా నడవడానికి ‘ఓపెన్‌ఎండబ్ల్యూ’ అనే ఇంజిన్‌ను మొదటి నుంచి రాసుకున్నవాళ్లు మరికొందరు. ‘డాగర్‌ఫాల్’కు అదే సేవ ‘డాగర్‌ఫాల్ యూనిటీ’ చేసింది.

కొన్ని మోడ్‌లు సొంత కాళ్ల మీద నిలబడ్డాయి. జర్మనీకి చెందిన ‘స్యూర్‌ఏఐ’ బృందం ‘స్కైరిమ్’ పునాది మీద వేరే లోకం, వేరే కథతో 2016లో ‘ఎండెరల్’ తెచ్చింది. మెల్‌బోర్న్‌లో న్యాయవాదిగా ఉన్న నిక్ పియర్స్ 2015లో చేసిన ‘ది ఫర్‌గాటెన్ సిటీ’కి మరుసటి ఏడాది ఆస్ట్రేలియా రచయితల సంఘం పురస్కారం దక్కింది, ఒక మోడ్‌కు ఆ గౌరవం రావడం అదే మొదలు. 2021లో అది పూర్తి స్థాయి ఆటగా వచ్చింది. ఈ పనికి ధర కట్టాలని చూసినప్పుడు మాత్రం గొడవైంది. 2015 ఏప్రిల్‌లో ‘స్కైరిమ్’ మోడ్‌ల అమ్మకం మొదలుపెట్టి, చేసినవారికి నాలుగో వంతు ఇస్తామన్నారు. ఒకరి పని మీద ఒకరు కట్టుకుంటూ వచ్చినదానిలో ఎవరి వాటా ఎంతని నిరసన రేగింది. కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకుని డబ్బు తిరిగిచ్చారు.

ప్రస్తుతం వాదన మళ్లీ ‘ఆబ్లివియన్’ చుట్టూ తిరుగుతోంది. ‘స్కైరిమ్’ ఇంజిన్‌లో ఆ ఆటను పూర్తిగా తిరిగి నిర్మించే ‘స్కైబ్లివియన్’ మీద అభిమానులు ఏళ్ల తరబడి శ్రమిస్తుండగా, 2025 ఏప్రిల్ 22న ముందస్తు ప్రచారం లేకుండా ‘ఆబ్లివియన్ రీమాస్టర్డ్’ అధికారికంగా విడుదలైంది. పోటీ పడాల్సిన చోట, బెథెస్డా ఆ బృందానికి కొత్త ఆట ప్రతులను ఉచితంగా పంపింది. వాళ్లు తమ పని ఆపలేదు. ఇప్పుడు పోల్చడానికి రెండు దారులున్నాయి. అధికారిక ప్రతి వెలుగునూ రూపునూ కొత్తగా దిద్ది, లోపలి పాత ఆటను చాలావరకు అలాగే ఉంచింది. ఒక నటి మాట తడబడి, ఆగండి మళ్లీ చెబుతానంటూ అదే వాక్యాన్ని రెండోసారి పలికిన పాత రికార్డింగ్‌ను కూడా తీసేయలేదు. అది ఉన్నందుకు అభిమానులు సంబరపడ్డారు. ‘స్కైబ్లివియన్’ వాళ్లు 2006లో సాంకేతికత చాలక చదునుగా మిగిలిన అడవులను, ఒకే అచ్చులో పోసినట్టున్న గుహలను కొత్తగా మలుస్తున్నారు. ఆ రోజుల్లో ఉన్నది ఉన్నట్టు కాపాడాలా, ఆ రోజుల్లో వాళ్లు చేయాలనుకుని చేయలేకపోయినది ఇప్పుడు చేసిపెట్టాలా అన్నదాని మీద రెండు పక్షాలూ తమ తమ ఆధారాలతో సిద్ధంగా ఉన్నాయి.