పొయ్యిలెన్ని?

విజయవాడ పటమటలో మా వీధి చివర మూడంతస్తుల ఇల్లొకటి ఉంది. కింద తల్లిదండ్రులు, మధ్యలో పెద్దకొడుకు, పైన చిన్నకొడుకు. గేటు ఒకటే, నీళ్ళ మోటారు ఒకటే, కరెంటు మీటర్లు మూడు. ఎవరి వంట వాళ్ళదే. ఆవకాయ మాత్రం పెద్దావిడ పెట్టి ముగ్గురికీ పంచుతుంది. ఇది ఒక కుటుంబమా, మూడా?

సోషియాలజీ చెప్పినన్నాళ్ళూ ప్రతి ఏడూ పిల్లల్ని మొదట అడిగింది ఇదే. దేన్ని 'ఒకటి' అనుకుంటున్నామో తేల్చుకోకుండా వీధులు తిరిగి అంకెలు కూడితే ఆ కూడిక చెల్లదు.

జనగణన వాళ్ళు వంటింటిని కొలతగా పెట్టుకున్నారు. మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటింటి తిండి తినేవాళ్ళు ఒక లెక్క. చుట్టరికం అక్కర్లేదు. ఆటోనగర్‌లో గది తీసుకుని కలిసి వండుకునే నలుగురు మెకానిక్కులూ ఒకటే. మన పల్లెల్లో ఊరిని గడపల్లో లెక్కపెట్టేవారు గానీ, అన్నదమ్ములు విడిపోతే "పొయ్యిలు వేరయ్యాయి" అనేవారు. గడప ఒకటై పొయ్యిలు రెండు కావచ్చని వాళ్ళకి తెలుసు. ఒక ఇంట్లో కలిసి బతికేవాళ్ళు వేరు, బంధుత్వంతో ఏర్పడే కుటుంబం వేరు అని సోషియాలజిస్టు ఎ.ఎం. షా 1973లో పుస్తకమే రాశారు. ఉమ్మడి కుటుంబాలు కూలిపోయాయని తొందరపడి అనేవాళ్ళు అది చదవాలి.

అయినా పొయ్యి అన్నీ చెప్పదు. బియ్యం ఎంత కొంటారని అడిగితే ఆ మూడంతస్తుల ఇల్లు మూడు. కంకిపాడు దగ్గరి పొలం అమ్మాలా వద్దా అంటే ఒకటి. ప్రశ్న మారితే 'ఒకటి' కూడా మారుతుంది.

ఊరి సంగతీ అంతే. ఆంత్రొపాలజిస్టు ఎస్.సి. దూబే హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటను చదివి 1955లో 'ఇండియన్ విలేజ్' తెచ్చారు. ఊరినే యూనిట్‌గా తీసుకోవడం సరికాదని, కులం, వియ్యం ఊరి పొలిమేర దాటిపోతాయని ఫ్రెంచి ఆంత్రొపాలజిస్టు లూయీ డ్యూమాంట్ వాదించాడు. నగరంలో కలిసిపోయినా పటమటను ఇప్పటికీ "మా ఊరు" అనే పెద్దవాళ్ళని చూస్తే నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది.

ఒక సర్వేలో నా విద్యార్థి ఒకడు "అమ్మ మాతోనే ఉంటుంది" అన్న కొడుకు మాట రాసుకొచ్చాడు. ఫారం మీద నేనే సంతకం పెట్టాను. తర్వాత ఆ వీధికి వెళ్తే పెరటి రేకుల షెడ్డులో ఆవిడ తన గంజి తానే కాచుకుంటూ కనిపించింది. నా లెక్కలో ఆవిడ కొడుకు అన్నం తింటోంది. ఆ ఫారం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

2027 జనగణన వాళ్ళు మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు, పెరట్లో మరో పొయ్యి వెలుగుతుంటే ఆ మాట చెప్పండి.