దుర్యోధన పాత్రాభినయము: చేర్యాల పటమును, వెండితెరయు

ప్రతినాయకుని బలము తెలియనిచో నాయకుని గుణము తెలియదు. దశరూపకకర్తయగు ధనంజయుఁడు ప్రతినాయకుని లోభి, ధీరోద్ధతుఁడు, స్తబ్ధుఁడు, పాపకారి, వ్యసని యని నిర్వచించెను. వ్యాఖ్యాతయగు ధనికుఁడు రామునకు రావణుని, యుధిష్ఠిరునకు దుర్యోధనుని ప్రతినాయకులనుగా నుదాహరించెను. ఈ లక్షణమున ధైర్యమును గలదు, పాపమును గలదు. రెంటినొక్క దేహమునఁ జూపుటయే నటునకుఁ బరీక్ష. తెలుఁగు చలనచిత్రములందు దుర్యోధన పాత్రను ధరించిన నటులు పలువురు. వారిలో నెవ్వరీ రెంటిని గలిపి చూపిరో, యెవ్వరొకదానివైపు మొగ్గిరో విచారింపఁదగినది.

ఈ విచారమునకుఁ జేర్యాల పటము మంచి యొఱగల్లు. చలనచిత్రములు రాకపూర్వమే తెలంగాణపుఁ బల్లెలయందలి జనులు పురాణపాత్రలఁ బటములందుఁ గన్నులారఁ జూచియుండిరి. 2016 వఱకు వరంగల్లు జిల్లాలోనుండి నేఁడు సిద్ధిపేట జిల్లాలోఁ జేరియున్న చేర్యాలయందు నకాశీ చిత్రకారులు ఖాదీగుడ్డకు గంజి, సుద్దమన్ను, చింతగింజల యంబలి, జిగురు కలిపి పూఁతపెట్టి, యెఱ్ఱని నేలపైఁ గథను వరుసగళ్లుగా వ్రాయుదురు. ఒక్కొక్క కులమున కొక్కొక్క పురాణము. దానిఁ జెప్పువారును వేఱు. పద్మశాలీలకు మార్కండేయపురాణమును కూనపులివారు, మాదిగలకు జాంబపురాణమును డక్కలివారు, ముదిరాజులకుఁ బాండవుల కథను కాకిపడగలవారు పటము విప్పి చెప్పుట యాచారము.

అభినయము ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము నని చతుర్విధము. పటకథయందీ నాలుగును నొక్కనిచేతిలో లేవు. కిరీటము, మీసము, గద, నిలుచు భంగి చిత్రకారుఁ డిచ్చును. పలుకు కథకుఁ డిచ్చును. సాత్త్వికమును బ్రేక్షకుఁడు తన హృదయమునుండి తెచ్చుకొనును. గడి మాఱినను బాత్రముఖము మాఱదు. మాఱినచోఁ జూపరి గుర్తింపఁజాలఁడు. వన్నెలకును నియమము గలదు. దేవతలకు నీలమును బసుపును, రాక్షసులకు ముదురువన్నెలును, మనుష్యులకు మేనిచాయయు వాడుట సంప్రదాయము. ఈ నియమము చొప్పున దుర్యోధనుఁడు రాక్షసకోటిలోనివాఁడు గాఁడు, మనుష్యుఁడే. అతని దోషము మేనివన్నెయందుఁ గాక చేష్టయందే తెలియవలెను. ఈ సూక్ష్మము వెండితెర నటునకును వర్తించును.

బొమ్మలకథనుండి తెరకెక్కిన దుష్టపాత్రలు పరదేశములందును గలవు. అమెరికాయందు 1940లో బొమ్మల పుస్తకమునఁ బుట్టిన జోకరును 1989లో జాక్ నికల్సన్, 2008లో హీత్ లెడ్జర్, 2019లో వాకీన్ ఫీనిక్స్ ధరించిరి. తెల్లని ముఖము, ఎఱ్ఱని పెదవులు, పచ్చని జుట్టు ముగ్గురకును సమానము. అయినను నికల్సనునందు విలాసము, లెడ్జరునందుఁ గారణము తెలియరాని క్రౌర్యము, ఫీనిక్సునందు దుఃఖము ప్రధానమయ్యెను. కడపటివానిఁ జూచి ప్రేక్షకుఁడు భయపడుటకంటె జాలిపడుటయే యెక్కువ. ఆహార్యము స్థిరముగా నుండఁగా సాత్త్వికమే పాత్రను మార్చునని దీనిచేఁ దెలియుచున్నది. దుర్యోధనుని విషయమునను జరిగిన దిదియే.

1957లో వచ్చిన మాయాబజారునందు ముక్కామల కృష్ణమూర్తిగారు దుర్యోధనులు. ఆ కథకు హాస్యము ప్రాణము. కుమారుఁడగు లక్ష్మణకుమారునకు బలరాముని కూఁతుం దెచ్చి, యాదవబలమును దనవైపునకుఁ ద్రిప్పుకొనఁజూచు తండ్రిగా దుర్యోధనుఁ డందుఁ గానవచ్చును. ధనంజయుఁడు చెప్పిన గుణములలో లోభ మొక్కటియే యిచ్చటఁ బైకివచ్చినది. కథకుఁ దగినంతయే నటించుట ముక్కామలవారి యౌచిత్యము. పాత్ర సమగ్రత యచ్చట వెదకరాదు.

కమలాకర కామేశ్వరరావుగారు దర్శకులుగా నున్న మూఁడు చిత్రములు పోలికకు మిక్కిలి యనుకూలములు. దర్శకుఁ డొక్కఁడు, దుర్యోధనులు మువ్వురు. నర్తనశాల (1963) యందు ధూళిపాళ సీతారామశాస్త్రిగారు ధరించిన పాత్ర చిన్నది. కీచకవధావృత్తాంతమే కథకు నడుమ. అయినను రంగస్థలాభ్యాసముచే సంస్కృతపదము స్పష్టముగాఁ బలికి, రాజసమును నిలిపిరి. పాండవ వనవాసము (1965) నందు యస్.వి. రంగారావుగారు దుర్యోధనులు. ఆయన కంఠము హెచ్చింపక, మాటకు మాటకు నడుమ నిదానముంచి, కనుచూపుతోడనే ద్యూతసభను దనదిగాఁ జేసికొనిరి. ఆ నిదానమున రాజు గానవచ్చును. ఆ చిఱునవ్వున మాత్సర్యము గానవచ్చును. ఒకటి రెండవదానిని మూయదు. కురుక్షేత్రము (1977) నందు కైకాల సత్యనారాయణగారు ఔద్ధత్యమును ముందుంచిరి. వారి దుర్యోధనుఁడు పటములోని బొమ్మవలె దూరమునుండియే గుర్తింపఁదగినవాఁడు. అతఁడు దుష్టుఁడని సందేహము లేదు. కాని ధీరుఁడని తలంచుట కవకాశము తక్కువ.

నందమూరి తారక రామారావుగారి మార్గము వేఱు. తాము దర్శకత్వము వహించిన శ్రీకృష్ణ పాండవీయము (1966) నందు కృష్ణ దుర్యోధనులను దామే ధరించిరి. దానవీరశూరకర్ణ (1977) యందు కర్ణునిఁ గూడఁ జేర్చుకొనిరి. రెంటను ధూళిపాళవారు శకునులు. దానవీరశూరకర్ణయుఁ గురుక్షేత్రమును 1977 జనవరి 14వ తేదీన, ఒక్క సంక్రాంతినాఁడే విడుదలయగుటచే నిద్దఱు దుర్యోధనులను బ్రజలు సరిపోల్చి చూచిరి. ఒకే నటుఁడు కృష్ణుఁడును దుర్యోధనుఁడును నగుట సామాన్యము గాదు. నడక, మెడ నిలుపు, కంఠస్థాయి యను వానిచేతనే భేదము చూపవలెను. రామారావుగారు దానిని సాధించిరి. కొండవీటి వెంకటకవిగారు కూర్చిన దీర్ఘసమాసములను దడఁబడక పలుకుట తెలుఁగువాచికమున కొక మేలుబంతి. మయసభలోఁ దనలోఁ దాను తర్కించుకొను ఘట్టమునను, కర్ణుని నంగరాజుగా నభిషేకించు ఘట్టమునను దుర్యోధనుఁడు ప్రతినాయకుఁడు గాక నాయకుఁడే యయ్యెను. కథలోఁ బాపము తొలఁగింపఁబడలేదు. అభిమన్యుఁ డందును జచ్చుచున్నాఁడు. కాని నటుని కంఠమునందుఁ బాపము వినిపింపదు, అభిమానమే వినిపించును.

భాసుఁ డూరుభంగమునందును, రన్నకవి కన్నడ గదాయుద్ధమునందును దుర్యోధనుని గౌరవించిరి గదా యని యాక్షేపము రావచ్చును. ఆక్షేపము సారవంతమే. అయితే భాసుని దుర్యోధనుఁడు తొడలు విఱిగి నేలఁబడిన పిమ్మట నశ్వత్థామ క్రోధమును వారింపఁజూచును; తనకువలెఁ బాండవులకును శుశ్రూష చేయుమని కుమారునకు బోధించును. ఆ మహత్త్వము పశ్చాత్తాపముతో వచ్చినది. 1977 నాఁటి దుర్యోధనునకు మహత్త్వము మొదటనే లభించినది. పతనముచేఁ గలిగిన గౌరవమునకును, బతనమునకు ముందే యిచ్చిన గౌరవమునకును భేదము కలదు. మొదటిది కరుణము; రెండవది వీరము. మహాభారతకథకుఁ దగినది మొదటిదే.

ఈ విచారము వినోదమాత్రము గాదు. సభాపర్వమును నన్నయ రచనలోను, ఉద్యోగపర్వమును దిక్కన రచనలోను జదువఁబోవు బాలురు పద్యము వినుటకు ముందే చలనచిత్రపుఁ బలుకులు చెవినిండ విని వచ్చుచున్నారు. రాయబారఘట్టమున దుర్యోధనుని మూర్ఖత్వమును బండితుఁడు వివరించునపుడు, వారికి మీసము మెలివేయు వీరుఁడే మనసున మెదలును. చిత్రమును నిందించుటచే నిది తీఱదు. కాకిపడగల కథకుఁడు కఱ్ఱతోఁ బటముపై నొక్కొక్క గడిఁ జూపి, మాటతో మంచిచెడ్డలు విడఁదీయునట్లు, పండితుఁడును బొమ్మను జూపి పద్యముతో విడఁదీయవలెను.

తుదకుఁ దేలినదేమన: లోభము ముక్కామలవారియందు, స్ఫుటవాచికము ధూళిపాళవారియందు, ఔద్ధత్యము సత్యనారాయణగారియందు, అభిమానము రామారావుగారియందుఁ బరిపూర్ణముగాఁ బ్రకాశించినవి. వాచికశక్తిని బట్టి చూచిన రామారావుగారిదే యగ్రస్థానము. ధైర్యమును బాపమును నొక్కమాఱే చూపి, ప్రేక్షకునిచేఁ దలయూఁపించుచునే వానిని భయపెట్టినవారు మాత్రము యస్.వి. రంగారావుగారు. శాస్త్రకారుఁడు చెప్పిన ప్రతినాయకుఁడు, చేర్యాల వన్నెల నియమము చెప్పు మనుష్యుఁడు, ఇద్దఱును గలిసినది వారి దుర్యోధనునియందే.